బానెట్ మీద పెట్టిన బుట్ట

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్లతో చెబుదామని ఎన్నోసార్లు నోటిదాకా తెచ్చుకుని మింగేశాను. ఇరవై ఏళ్లు దాటిపోయింది. రెండు అరచేతుల్లో పట్టేంత జంతువు, దాని బరువు ఇన్నేళ్లు మొయ్యడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. నేనూ నవ్వి పారేద్దామని చూశాను. నా వల్ల కాలేదు.

నేను ఇంటర్ పిల్లలకి జువాలజీ చెబుతాను. ఏటా వంశపారంపర్యం పాఠం వస్తుంది. దగ్గరి రక్తం దగ్గరి రక్తంతో కలిస్తే ఏమవుతుందో బోర్డు మీద బొమ్మ వేసి చూపించాలి. గళ్లు గీస్తాను, బాణాలు వేస్తాను, వెనక్కి తిరక్కుండానే పాఠం ముగిస్తాను. మాస్టారికి ఈ పాఠం అంటే ఇష్టం లేదని పిల్లలు అనుకుంటారు. ఇష్టం లేకపోవడం కాదు. ఆ గళ్లలో నేనున్నాను.

మొదటినుంచి చెబుతాను. మా నాన్నగారు రాజోలు దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు మాస్టారు. మా తాత ఇంకొకరి పొలాల్లో కూలికి వెళ్లినవాడు. మిషన్ బడి, చర్చి పెట్టిన చదువు, వాటివల్ల నాన్నగారు ఇస్త్రీ చొక్కా వేసుకునే ఉద్యోగంలోకి వచ్చారు. ఆయనకి కాఫీ అలవాటు కూడా లేదు. ఉన్న పిచ్చల్లా ఒకటే, గినీపిగ్గులు. కుందేలుకి చెవులు కత్తిరించి, తోక తీసేసి, కాస్త బొద్దు చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంటాయి. కాకినాడలో ఒక కాలేజీవాళ్లు వదిలించుకుంటుంటే ఒక జంట తెచ్చుకున్నారు. పెరటి వసారాలో చెక్క గూళ్లు కట్టారు. అడుగున కొబ్బరి పీచు, పైన పచ్చగడ్డి, మునగాకు, జామకాయ ముక్కలు. నాన్నగారు గేటు తీసిన చప్పుడు వినబడితే చాలు, అన్నీ కలిసి ఈలలు వేసేవి. "మీ పిల్లలు పిలుస్తున్నారండీ" అనేది అమ్మ. ఆ పిల్లల్లో నన్నూ కలిపే అనేది.

ఒక్క జంట నుంచి పెరిగిన మందకి ఒక బెడద ఉంటుంది. నాన్నగారు నాకు చిన్నప్పుడే చెప్పారు. ప్రతి ప్రాణిలోనూ బయటికి కనబడని లోపం ఏదో ఒకటి దాక్కుని ఉంటుంది. పరాయి రక్తం కలిసినప్పుడు ఒకరి లోపాన్ని ఒకరు కప్పుతారు. ఒకే ఇంట్లోవాళ్లు కలిస్తే కప్పేవాళ్లు లేక ఆ లోపం బయటపడుతుంది. మా మందలో ఆ లోపం ఒక వేలు. గినీపిగ్గుకి వెనక కాలికి మూడే వేళ్లుండాలి. మా మొదటి జంట పిల్లలకి పుట్టిన పిల్లల్లో కొన్నిటికి నాలుగోది, గింజంత వేలు, పక్కన వేలాడుతూ వచ్చింది. దానితోపాటు చచ్చిపుట్టేవీ, బలం లేనివీ. ఆ రక్తాన్ని పలచన చెయ్యాలంటే బయటినుంచి మగది రావాలి.

అలా వచ్చినవారే కొత్తపేట మావయ్యగారు.

ఆయన రైతు. పదెకరాల పైన వరి, కొబ్బరి తోట, ఇంటి ముందు ట్రాక్టరు. టెన్త్ పరీక్షల డ్యూటీకి కొత్తపేట వెళ్లినప్పుడు నాన్నగారు వాళ్ల పెరట్లో గినీపిగ్గుల ఈలలు విన్నారట. ఆ మనిషి ఎవరో, ఏమిటో అడక్కుండా దొడ్డిదారిన లోపలికి వెళ్లిపోయారట. ఇద్దరూ సాయంత్రం దాకా ఆ గూటిముందు గొంతుకూచుని మాట్లాడుకున్నారు. ఆయన మంద విశాఖపట్నం నుంచి వచ్చింది. దాని రక్తం వేరు. ఏటా వేసవిలో ఒక మగదాన్ని ఇచ్చి ఒక మగదాన్ని పుచ్చుకుందామని ఒప్పందం చేసుకున్నారు.

"మీ అబ్బాయి మా ఇంటికి, మా అబ్బాయి మీ ఇంటికి. కుండమార్పిడి సంబంధమే కదండీ ఇది! అయితే ఇక మీరు నాకు బావగారు" అన్నారట ఆయన.

ఆ రోజుకది వేళాకోళం. కానీ ఆయన దాన్ని వదల్లేదు. రాజోలు బస్టాండులో అవతలి వైపు నుంచి "బావగారూ!" అని కేకేసేవారు. పదిమందీ తిరిగి చూసేవారు. అలాంటి ఇంటి మనిషి మాలాంటి ఇంటి మనిషిని నలుగురిలో ఆ వరసతో పిలవడం అంటే ఏమిటో కోనసీమలో పుట్టినవాళ్లకి విడమర్చి చెప్పక్కర్లేదు. నాన్నగారు సిగ్గుపడేవారు. ఆ సాయంత్రమంతా ఇంట్లో ఆయన గొంతు ఒక మెట్టు పైనే ఉండేది. నేను ఆయన్ని మావయ్యగారూ అనేవాణ్ణి. ఆయన నా జేబులో అరటిపండు కుక్కేవారు.

పెద్ద తుఫాను తరవాతి వేసవి. నా డిగ్రీ పరీక్షలు అయిపోయి ఇంట్లో ఉన్నాను. నాన్నగారు పేపర్లు దిద్దడానికి కాకినాడ వెళ్లాల్సి వచ్చింది. ఆ ఏడాది బుట్ట నేను మొయ్యాలి. మా మగదాన్ని తీసుకెళ్లి కొత్తపేటలో ఇచ్చి, వాళ్లది తేవాలి. "ఒళ్లో పెట్టుకో అబ్బాయ్. తడిగుడ్డ కప్పు. వేడికి ఇవి ఆగవు" అని మూడుసార్లు చెప్పి వెళ్లారు.

వెళ్లడం బాగానే వెళ్లాను. మావయ్యగారు అన్నం పెట్టించారు. గూట్లో చెయ్యిపెట్టి తనే ఒకదాన్ని ఏరి తీశారు. గోధుమరంగు. ముక్కు మీద నుంచి నుదుటిదాకా సన్నగా తెల్లచార. "ఇంతకంటే మంచిది నా దగ్గర లేదు, బావగారికి చెప్పు" అన్నారు. తాటాకు బుట్టలో ఆయనే పెట్టి, పైన తడిగుడ్డ కూడా ఆయనే కప్పారు.

తిరుగు బస్సు కిటకిటలాడుతోంది. ఎలాగో ముందు వైపు సీటు దొరికింది. బుట్ట ఒళ్లో పెట్టుకున్నాను. లోపలిది ఈల వెయ్యడం మొదలెట్టింది. ఆగదే! పక్కనున్న పెద్దమనిషి వంగి చూసి, "ఏంటండీ ఇది, పందికొక్కా?" అన్నాడు. బస్సు గొల్లుమంది. ఆడవాళ్ల సీట్లో మా కాలేజీ అమ్మాయి ఉంది. మూడేళ్లు నేను మాట్లాడాలనుకుని మాట్లాడని అమ్మాయి. తనూ వెనక్కి తిరిగి చూసింది, నవ్వింది. ఇప్పుడాలోచిస్తే అది వెక్కిరింత కాకపోవచ్చు. అప్పుడు నాకు ఒళ్లంతా మంటలెత్తింది.

లేచి, బుట్టని డ్రైవరు పక్కన, ఇంజను మీదుండే బానెట్ మీద పెట్టాను. అక్కడ నాలుగు మూటలున్నాయి, వాటి మధ్యలో. మీరు ఆ రోజుల్లో ఆర్టీసీ బస్సు ఎక్కి ఉంటే ఆ బానెట్ ఎలా కాలుతుందో మీకు తెలుసు. నాకూ తెలుసు. ఒక్క పది నిమిషాలు, జనం నవ్వు మరిచిపోయేదాకా అనుకున్నాను. నా సీటు ఎవరో ఆక్రమించారు. నేను వెనక్కి, ఇంకా వెనక్కి జరిగాను. కొంచెంసేపటికి కండక్టరు "బానెట్ మీద ఈ బుట్టెవరిదండీ?" అని అరిచాడు. నేను కిటికీలోంచి కొబ్బరిచెట్లు చూశాను.

ఆ తరవాత ఈలలు ఆగిపోయాయి. హమ్మయ్య అనుకున్నాను.

ఈ ఒక్క ముక్కా మీకు చెప్పకుండా దాటెయ్యొచ్చు. మిగతాదంతా కుర్రతనం కింద చెల్లిపోతుంది. కానీ ఆ నిశ్శబ్దానికి నేను సంతోషించాను. అది ఎందుకు ఆగిందో నాలో ఎక్కడో తెలుసు. తెలిసి, లేచి వెళ్లలేదు. సిగ్గు ఒక ప్రాణం కంటే పెద్దదా? ఆ వయసులో పెద్దదే అయిందా? లేక ఆ వయసుకి సంబంధమే లేదా, నేనే అలాంటివాణ్ణా?

అమలాపురంలో అందరూ దిగాక బుట్ట తీసుకున్నాను. గుడ్డ ఎండిపోయి గట్టిపడింది. లోపలిది పక్కకి ఒరిగి ఉంది, మూతి చుట్టూ తడి. కుళాయి కింద పెట్టాను. నీళ్లు చల్లాను. కాళ్లు పట్టుకుని ఊపాను. మెడ వేలాడిపోయింది. కాలవ గట్టు దాకా నడిచి, ఎవరూ చూడకుండా నీళ్లలో వదిలేశాను. తెల్లచార కొంతదూరం కనబడింది.

ఇంటికి వచ్చేసరికి అమ్మ ప్రార్థన కూటానికి వెళ్లింది. నాన్నగారు ఇంకా కాకినాడలోనే. మా మగపిల్లల గూట్లో ఒకే ఈడువి, ఒకే రంగువి కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని తీసి, కొత్తవాటికని ఉంచిన గూట్లో పెట్టాను. లెక్కలో ఒకటి తగ్గింది కదా, దానికి ముంగిసని అడ్డం పెట్టుకున్నాను. అమ్మ ముంగిసని తిట్టి, గోడకున్న బొక్కలో రాళ్లు కూరింది.

నాన్నగారు వచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా వసారాలోకి వెళ్లారు. దాన్ని ఎత్తి గుండెలకి ఆనించుకున్నారు. "చూశావా, కొత్త ఊరన్న బెరుకే లేదు వీడికి. మర్యాదస్తుల ఇంటి పిల్ల" అని మురిసిపోయారు. అది పుట్టిందే ఆ వసారాలో. నేను పక్కనే నిలబడి నవ్వాను. మర్నాడు దాన్ని ఆడవాటి గూట్లో వదిలారు. వాటిలో దాని తల్లి ఉంది. అక్కచెల్లెళ్లున్నారు.

అప్పుడైనా చెప్పొచ్చు. ఎన్నిసార్లు ఆ రోజుల్ని వెనక్కి తిప్పుకున్నానో! మొదటిరోజు చెబితే తిట్టేవారు, అంతే. వారానికి చెబితే మందని విడదీసేవారు. నెలకి చెబితే ఒక కాన్పు పోయేది. ప్రతిరోజూ నిన్నటికంటే కాస్త కష్టం, రేపటికంటే కాస్త సులువు. నేను ప్రతిరోజూ రేపటికే వదిలేశాను. చివరికి ఆ గూట్లో ఉన్నది అవి కాదు, నేనే అనిపించే స్థితికి వచ్చాను. తలుపుకి గడియ కూడా లేదు. తోస్తే తెరుచుకుంటుంది. తొయ్యలేదు.

వానలు పడ్డాక కాన్పులు మొదలయ్యాయి. మొదటిదాంట్లో రెండు చచ్చి పుట్టాయి. గడ్డి తడిసి పాడైందనుకుని నాన్నగారు గడ్డి మార్చారు. రెండోదాంట్లో ఒకటి తెల్లగా పుట్టింది, కళ్లు లేవు. ఈ జాతి పిల్లలు పుట్టిన గంటకే పరుగులు పెడతాయి. అది మూలకి చేరి, చెక్కకి మూతి ఆనించి రెండు రోజులు బతికింది. నాన్నగారు దూదితో పాలు పట్టారు. నేను ఆయన చేతికి గిన్నె అందించాను. అందిస్తూ నోరు మూసుకునే ఉన్నాను.

దసరా సెలవుల్లో ఒక సాయంత్రం పిలిచారు. నా అరచేతిలో ఒక పిల్లని పెట్టారు.

"వెనక కాలు చూడు అబ్బాయ్. ఎన్ని వేళ్లు?"

"నాలుగండీ."

"ఇది మన గూటి వేలు. బావగారి మందలో ఇది లేదు. నువ్వు తెచ్చింది ఆయన ఇచ్చిందేనా?"

"ఆయ్."

"ఆయన చేత్తో తీసిచ్చేరా? పనివాళ్లెవరైనా ఇచ్చేరా?"

"ఆయనే ఇచ్చేరు నాన్నగారూ. బుట్టలో ఆయనే పెట్టేరు."

చూడండి, అందులో అబద్ధం ఒక్క మాటే. మిగతావన్నీ నిజాలు. ఆ నిజాలే ఆ మనిషిని ముంచాయి.

 నాన్నగారు పిల్లని నా చేతిలోంచి తీసుకుని వీపు నిమిరారు. తరవాత అన్నారు, "అయితే మనమిచ్చినదానికి పుట్టినదాన్నే మనకి తిప్పి పంపేడన్నమాట. మంచివి అట్టేపెట్టుకుని."

పంపేడు అన్నారు. ఆయన గురించి నాన్నగారు ఏకవచనం వాడటం నేను అదే మొదటిసారి వినడం. మంచివి అట్టేపెట్టుకుని అన్నప్పుడు ఆ గొంతు నాన్నగారిది కాదు, మా తాతది. గింజ వాళ్లకి, తాలు మనకి అని కళ్లాల దగ్గర ఒక జీవితమంతా నిలబడినవాడి గొంతు. నా అబద్ధానికి నేను సాక్ష్యం వెతకాల్సిన పనే లేకపోయింది. సాక్ష్యం ఆయన లోపల తరాల నుంచీ సిద్ధంగా ఉంది. అందుకే అంత తొందరగా నమ్మారు. నాకు అది తెలిసి కూడా, ఆ పుండు మీదే చెయ్యి వేశాను.

ఆయన్నే అడగొచ్చు కదండీ అంది అమ్మ. "అడిగితే లేదంటాడు. అప్పుడు నమ్మినట్టు నటించాలి. నా వల్ల కాదు" అన్నారు నాన్నగారు. నేను ఊపిరి పీల్చుకున్నాను. అడుగుతారేమోనని నెలల తరబడి భయపడ్డవాణ్ణి కదా.

మరుసటి వేసవిలో బుట్ట వెళ్లలేదు. చూసి చూసి మావయ్యగారే వచ్చారు. ఒక చేతిలో గెల, ఒక చేతిలో బుట్ట. గేటు దగ్గర్నుంచే "బావగారూ!" అన్నారు. నాన్నగారు లేచి, అరుగు మీద కుర్చీ వేసి, తను నిలబడే ఉండి, "రండి అయ్యగారూ. కూర్చోండి" అన్నారు.

అయ్యగారూ అన్నది మా తాత వాళ్లలాంటివాళ్లని పిలిచిన మాట. నాన్నగారు జీవితంలో ఎవరినీ అలా పిలవలేదు. మావయ్యగారి ముఖం నేను చూశాను. ఆయన కూర్చోలేదు. బుట్ట కింద పెట్టబోయి, మళ్లీ ఎత్తుకున్నారు. నా వైపు చూశారు, ఏమైందిరా అన్నట్టు. నేను ఆ అరటిగెల మోసుకుని లోపలికి వెళ్లిపోయాను. తిరిగి వచ్చేసరికి గేటు మూసి ఉంది.

ఊరికి వార్త పాకడానికి ఎంతసేపు? ఎంత దూరంలో ఉండాల్సినవాళ్లు అంత దూరంలో ఉండాలని మావాళ్లన్నారు. వాళ్లని బావగారూ బావగారూ అని నెత్తికెక్కించుకుంటే ఇలాగే ఉంటుందని అటువాళ్లు ఆయన్ని దెప్పారట. రెండు వైపులా ఎప్పటినుంచో ఎదురుచూస్తున్న మాట నేను వాళ్లకి ఉచితంగా అందించాను.

ఆ తరవాత నాన్నగారు బయటి రక్తమే వద్దన్నారు. రావులపాలెంలో ఎవరో పెంచుతున్నారట, ఒకటి తెస్తానని నేను రెండుసార్లు అన్నాను. "ఎవడిదీ వద్దు. ఉన్నవాటితోనే గడుపుకుందాం" అన్నారు. సైన్సు మాస్టారు. దాని ఫలితం ఏమిటో నాకు నేర్పినవారే. తెలిసే మూసుకున్నారు. ఏడాదికేడాది కాన్పులు తగ్గాయి. పుట్టినవి చిన్నవయ్యాయి. నాలుగో వేలు మామూలైపోయింది. ఈలలు కూడా సన్నబడ్డాయి, లేకపోతే నాకే అలా వినిపించేదేమో. ఒకసారి అంతా చెప్పేద్దామని కొత్తపేట బస్సెక్కాను. బస్టాండులో దిగి, సోడా తాగి, అదే బస్సులో వెనక్కి వచ్చేశాను. నాకు ఉద్యోగం వచ్చింది. పెళ్లయింది. బస్సులో నవ్విన అమ్మాయి ఎవరినో చేసుకుని ఎక్కడో ఉంది, ఆమెకి ఇదేమీ తెలియదు.

రెండువేల సంవత్సరం దాటాక, రిటైరైన కొన్నేళ్లకి, నాన్నగారు పోయారు. ఆయన చివరి నెలల్లో గూళ్లన్నీ ఖాళీ, ఒక్క ముసలి ఆడది తప్ప. సమాధి దగ్గర జనం వెనక మావయ్యగారు కనబడ్డారు. జుట్టు నెరిసి, వంగిపోయి ఉన్నారు. అందరూ వెళ్లాక ఇంటికొచ్చారు. అమ్మకి దణ్ణం పెట్టి, తిన్నగా వసారాలోకి నడిచారు. ముసలిదాన్ని ఎత్తుకుని, బొటనవేలితో దాని వెనక కాలు తడిమారు. నాలుగో వేలు దగ్గర ఆయన చెయ్యి ఆగింది. తల ఎత్తకుండా అడిగారు.

"ఆ ఏడాది నేనిచ్చింది, ముక్కు మీద తెల్లచార ఉన్నది, బతికిందా బాబూ?"

ఇక ఎవరు తిడతారని భయం? నాన్నగారు మట్టిలో ఉన్నారు. తలుపు దానంతటదే తెరుచుకుని ఉంది.

"ఆయ్ మావయ్యగారూ. బానే బతికింది" అన్నాను.

అంత్యక్రియల రోజున తండ్రి నమ్మకాన్ని తప్పని ఎలా చెప్పనని అప్పుడు నాకు నేను సమాధానం చెప్పుకున్నాను. నిజం అది కాదు. నాకు అబద్ధం అలవాటైపోయింది, అంతే. ఆయన తల ఊపి, ముసలిదాన్ని పీచులో జాగ్రత్తగా దించి వెళ్లిపోయారు. ఆయన నమ్మారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. మా మందలో ఒక్కదానికీ తెల్లచార లేదని ఆయన చూసే ఉంటారు. ఆ రక్తం తెలిసినవాడు ఆయన.

మొన్న వానల్లో ఆయన కూడా పోయారని వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. వెళ్లాను. ఇంటి ముందు ఎవరో నన్ను చూపించి, ఆ మాస్టారిగారబ్బాయి, అప్పట్లో ఏదో గొడవ అని మెల్లగా అనుకున్నారు. ఏం గొడవో వాళ్లకి తెలియదు. వాళ్లబ్బాయి చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు కూడా చెప్పలేదు. ఇప్పుడు చెప్పినా వినాల్సినవాళ్లు లేరు. క్షమించగలిగినవాళ్లిద్దరూ లేరు. మీరు క్షమించినా నాకు పనికిరాదు, అందుకే మిమ్మల్ని అడగను. నేను ఇవ్వాల్సిన జవాబులు రెండున్నాయి. వాటిని ఎక్కడో ఒకచోట పెట్టెయ్యాలి.

మావయ్యగారూ, మీరిచ్చింది బతకలేదు. అమలాపురం వచ్చేలోపే బానెట్ మీద చచ్చిపోయింది. బుట్ట ఎవరిదని అడిగితే నాది కాదన్నట్టు కూర్చున్నాను.

నాన్నగారూ, నేను తెచ్చింది ఆయన ఇచ్చింది కాదు. బావగారు మీకు మంచిదే ఇచ్చేరండీ.